ఇంటి మనిషి దవడ

కోపం వచ్చినవాళ్ళు పళ్ళు కొరుక్కుంటారు. ఆమెకు ఆ వీలు కూడా లేదు. కింది దవడలో కుడివైపు, ఉన్న పళ్ళన్నిటికీ వెనక, ఒక జ్ఞానదంతం చిగురు చీల్చుకుని సగం పైకి వచ్చి ఆగిపోయింది. దాని మీద మూతలా మిగిలిన చిగురు ముక్క వాచి, పై పన్ను తగిలినప్పుడల్లా నలుగుతోంది. నొప్పిని పంటి బిగువున భరించాలంటారు పెద్దలు. ఆ మాట అన్న పెద్దలెవరికీ పంటి నొప్పి వచ్చినట్టు లేదు.

నొప్పికన్నా ఎక్కువ మండించే సంగతి ఒకటి ఉంది. ఆమె పనిచేసేది పళ్ళ ఆసుపత్రిలోనే.

పద్దెనిమిదేళ్ళుగా అక్కడే. ముందు జనం కూర్చునే హాలు, దాని వెనక డాక్టరు గది, ఆ వెనక ఒక మనిషి మాత్రం పట్టే నడవ, నడవ చివర ఆమె గది. ఒక కిటికీ, ఒక రాతి బల్ల, ఒక సింకు. గోడల నిండా అరలు. అరల నిండా తెల్లటి ప్లాస్టరులో పోసిన దవడలు, ఒక్కోదాని అడుగున పెన్సిలుతో వేసిన నంబరు. కట్టుడు పళ్ళు చేయడం ఆమె పని. డాక్టరు నోటి అచ్చు తీసి పంపుతాడు. ఆమె అందులో ప్లాస్టరు పోసి దవడ తీస్తుంది. దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఆ మైనంలో ఒక్కో పన్నూ నిలబెడుతుంది. నోట్లో పెట్టి చూశాక, మైనం కరిగించి గట్టి చిగురు పోస్తుంది. వీధిలో అందరూ ఆమెను పళ్ళమ్మ అంటారు. కొత్తగా కాపురం వచ్చినవాళ్ళు ఆ పేరు విని, డజను ఎంత అని అడిగిన రోజులున్నాయి.

ఆమెకు మనుషుల ముఖాలు తెలియవు, దవడలు తెలుసు. బస్సులో ఎవరైనా నవ్వితే అది తను చేసిన నవ్వేనని గుర్తుపట్టేది. కోరపన్నును వెంట్రుకవాసి లోపలికి తిప్పి నిలబెట్టడం ఆమె చేతి అలవాటు. నవ్వినవాళ్ళు మాత్రం ఆమెను ఎరగరు. ఇన్నాళ్ళూ అందులో ఏదో సుఖం ఉండేది. పన్ను వాచిన దగ్గర్నుంచి ఆ సుఖానికీ చీము పట్టింది.

పంతొమ్మిదో ఏట, నోటి అచ్చు తీసే పళ్ళేలు కడగడానికి చేరింది. అప్పుడు ఆ గదిలో ఒక ముసలి మేస్త్రి ఉండేవాడు. పని నేర్పేవాడు కాదు, చూస్తూ ఉండమనేవాడు. రెండేళ్ళు చూశాక ఒక్క ముక్క చెప్పాడు. "చేత్తో చేస్తే పళ్ళు వరసలో నిలబడతాయి, అంతే. నమలాలంటే దవడతో చెయ్యాలి. వాళ్ళతో పాటు నువ్వూ కొరుకు."

పై దవడనూ కింది దవడనూ ఒక ఇత్తడి కీలులో బిగిస్తారు. నోటిలాగే అది తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మేస్త్రి దాన్ని మూసినప్పుడల్లా తన నోరూ మూసేవాడు. పక్కకు జరిపితే తన దవడనూ జరిపేవాడు. ఏ పన్ను ముందు తగులుతోందో, ఏది తగలడం లేదో తన నోట్లో వెతుక్కునేవాడు. ఆమెకూ అదే అబ్బింది. రెండు దవడలూ ఎక్కడ కలవాలో డాక్టరు మైనం మీద గీసిన గుర్తు చెరిగిపోయి వచ్చినప్పుడు ఆమె గుర్తు కోసం మళ్ళీ పంపేది కాదు. తన దవడను అడిగేది. అది ఎప్పుడూ తప్పు చెప్పలేదు. తలుపు సందులోంచి తొంగిచూసినవాళ్ళకు మాత్రం, చుట్టూ దవడలు పేర్చుకుని ఒక ఆడమనిషి ఖాళీ నోరు నములుతున్నట్టు కనిపిస్తుంది.

పన్ను ఒక సోమవారం మొదలైంది. ఆరోజే డాక్టరుకు చెప్పింది. ఒక పేషెంటు లేచి ఇంకో పేషెంటు కూర్చునే మధ్యలో, తలుపు దగ్గర నిలబడి చెప్పింది. ఆయన చేతి తొడుగులు మార్చుకుంటూ, ఆమె వైపు కాకుండా తొడుగుల వైపు చూస్తూ అన్నాడు. "జ్ఞానదంతమేగా. చూద్దాంలే. నువ్వెక్కడికి పోతావు, ఇంటి మనిషివి."

కౌంటరు అమ్మాయి సొరుగులోంచి నొప్పి బిళ్ళలు తీసి ఇచ్చింది. ఎన్ని వేసుకోవాలో అడిగితే, నొప్పి తగ్గేదాకా అక్కా అంది.

బుధవారం మళ్ళీ అడిగింది. ఈ రోజు రద్దీ చూశావుగా అన్నాడు. చూసింది. ఆ రద్దీలో పంటికి మెరుగు పెట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. గురువారం ఆమె అడగలేదు, ఆయనకు గుర్తు రాలేదు. శుక్రవారం అడిగితే, శనివారం సాయంత్రం అందరూ వెళ్ళాక తీరుబడిగా చూస్తానన్నాడు.

శనివారం సాయంత్రం అందరూ వెళ్ళారు. ఆమె ఏప్రను విప్పి తగిలించింది. వేణ్ణీళ్ళలో ఉప్పు కలిపి నోరు పుక్కిలించింది. స్టూలు మీద కూర్చుని, పిలుపు కోసం నడవ వైపు చెవి పెట్టింది. డాక్టరు గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. లైటు ఆరింది. తరవాత వీధి షట్టరు దగ్గర్నుంచి కేక వినిపించింది, ప్లాస్టరు డబ్బాకు మూత పెట్టావా అమ్మాయ్, గాలికి గడ్డకడుతుంది అని.

పెట్టానంది. ఆయన వెళ్ళిపోయాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పెరటి చెట్టుకే పురుగు పడితే దానికి మందు వెయ్యాలని కూడా ఎవరికీ తోచదని ఆమెకు ఆ స్టూలు మీద తెలిసింది.

ఇంట్లో ఆమె భర్త, అత్తగారు. భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కడ ఏ లిఫ్టు ఆగినా ముందు లోపల ఇరుక్కున్నవాళ్ళను బయటికి తీస్తాడు, తరవాతే కారణం చూస్తాడు. ఆయనకు ఈ వ్యవహారం బొత్తిగా అర్థం కాలేదు. కుర్చీ ఉంది, డాక్టరు ఉన్నాడు, పన్ను ఉంది, ఇంకేం కావాలి అని అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. మాట్లాడటమంటే దవడ కదపడం.

అత్తగారి నోట్లో ఉన్నది కోడలు చేసిన పళ్ళ సెట్టే. ఆరేళ్ళయింది, ఇప్పటికీ కదలదు. ఆవిడ ఆదివారం పొద్దున్న కోడలి ఎదురుగా కూర్చుని వేయించిన వేరుశనగలు నములుతూ, పాలలో నానిన రొట్టెను ఆమె నాలుకతో నలుపుకోవడం కాసేపు చూసింది.

"జ్ఞానదంతం ఇరవై ఏళ్ళకే రావాలటగా. నీది నలభై దగ్గర పడ్డాక బయల్దేరింది. దారిలో ఎక్కడ కూర్చుందో." ఇంకో నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. "వచ్చిన జ్ఞానం ఏమైనా ఉంటే ముందు ఆ డాక్టరుతో రెండు మాటలు అను. నా మీద చూపించే కోపంలో సగం చాలు."

కోడలు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ చెప్పింది నిజం కావడం ఆమెను ఇంకాస్త మండించింది.

ఆ మధ్యాహ్నమే రెండు వీధుల అవతల ఉన్న ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నెమ్మదస్తుడు. కూర్చోమన్నాడు, దీపం తిప్పాడు, ఎక్కడమ్మా నొప్పి అన్నాడు. తరవాత ఆమె చేతివేళ్ళ గోళ్ళలో ఎండిన ప్లాస్టరు చూశాడు. మీరు ఫలానా డాక్టరు గారి దగ్గర కదూ పనిచేసేది అన్నాడు. దీపం పక్కకు తిప్పేశాడు. ఆయన ఉండగా ఆయన మనిషి నోట్లో నేను చెయ్యి పెడితే బాగుండదమ్మా, రేపు ఎదురుపడితే ఏమనుకుంటాడు అన్నాడు. లేచి గుమ్మం దాకా సాగనంపాడు. అంత మర్యాదగా ఎవరూ ఎప్పుడూ ఆమెను బయటికి పంపలేదు.

సోమవారం పొద్దున్న భర్త పనికి పోతూ పెద్దాసుపత్రికి వెళ్ళి వరసలో నిలబడ్డాడు. పంటి విభాగం వాళ్ళు తేదీ రాసిచ్చారు. పద్దెనిమిది రోజుల తరవాత.

ఆమె ఆ కాగితాన్ని అద్దం అంచున దోపింది. రోజూ పొద్దున్న ఆ అద్దంలోనే నోరు కొలుచుకునేది. మామూలు నోరైతే చేతివేళ్ళు మూడు నిలువుగా పట్టాలి. మొదటి బుధవారం మూడూ పట్టాయి. ఆదివారానికి రెండు. ఈ సోమవారం రెండో వేలు గోరు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఒక్క వేలు కూడా పట్టని రోజు వస్తే ఏ డాక్టరుకైనా లోపలికి పటకారు పెట్టే దారి ఉండదు. అప్పుడు చీము తన దారి తాను వెతుక్కుంటుంది. కిందికి, గొంతు వైపుకు.

ఇది ఆమె ఎవరినో అడిగి తెలుసుకున్నది కాదు. నాలుగేళ్ళ కిందట ఒక లారీ డ్రైవరు ఇదే పన్నుతో వచ్చాడు. లోడు దింపి వస్తానని వెళ్ళి వారం తరవాత వచ్చాడు. అప్పటికి మెడా దవడా ఒకటైపోయాయి. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తరవాత ఏమైందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటిసారి వచ్చినప్పుడు తీసిన అతని అచ్చు మాత్రం ఏడాది పాటు అరలో ఉండిపోయింది. దుమ్ము దులిపినప్పుడల్లా చేతిలోకి తీసుకునేది, మళ్ళీ పెట్టేది.

ఆ సోమవారం పదకొండు గంటలకు డాక్టరే స్వయంగా ఆమె గదికి వచ్చాడు. ఆయన నడవ దాటి రావడం ఏడాదికి రెండుసార్లు జరిగితే ఎక్కువ. ఆమె చేతిలో ఉన్న మైనం చాకు బల్ల మీద పెట్టింది. స్టూలు కిటికీ వైపు తిప్పుకుంది, వెలుతురు పడాలని. నోరు తెరిచింది, తెరుచుకున్నంత.

ఆయన, ఎవరి నోట్లోనో పెట్టి గుర్తు గీసిన రెండు మైనం కట్లు ఆమె చేతిలో పెట్టాడు.

బస్సుల ఓనరట. నోట్లో ఒక్క పన్ను లేదట. శనివారం ఆయన కొత్త షెడ్డు తెరుస్తున్నాడు, మైకు ముందు మాట్లాడాలి, ఫొటోలు తీస్తారు. బుధవారం మైనంలో పెట్టి చూడాలి, శుక్రవారానికి సెట్టు చేతికివ్వాలి. ఇది అయిపోగానే నీ పన్ను, శుక్రవారమే, మాటిస్తున్నాను అన్నాడు డాక్టరు. ఆమె నోరు అప్పటికే మూసేసింది. అది తెరిచి ఉన్న సంగతి ఆయన చూశాడో లేదో తెలియలేదు.

ఒక పన్ను ఎక్కువైన మనిషి, ఒక్క పన్నూ లేని మనిషి వెనక వరసలో నిలబడింది.

మంగళవారం కూర్చుని పళ్ళు నిలబెట్టింది. జ్వరం లోపల్లోపల కాస్తోంది. చెంప బిగుసుకుని మెరుస్తోంది. నోట్లో ఉప్పటి, కుళ్ళిన రుచి. బస్సుల ఓనరు కింది దవడ సన్నగా అరిగిపోయి ఉంది, తాడులాగ. మైనం మీద డాక్టరు గీసిన మధ్యగీత కిటికీ ఎండకో ఏమో సగం చెరిగిపోయింది. మళ్ళీ గీయమని పంపితే ఒక రోజు పోతుంది. రోజు పోతే శుక్రవారం శనివారం అవుతుంది. ఎప్పటిలాగే దవడను అడిగింది. కీలు మూసింది, తన నోరు మూసింది. కుడివైపు ప్రాణం పోయినంత పనైంది. కాస్త ఎడమకు జరిపి మూసింది. అక్కడ హాయిగా ఉంది. కీలును కూడా అక్కడికే తెచ్చింది. సరిగ్గా కుదిరినట్టే అనిపించింది. సాయంత్రానికి ఇరవై ఎనిమిది పళ్ళూ నిలబడ్డాయి. మధ్యలో రెండుసార్లు బల్ల అంచు పట్టుకుని లేచి, సింకులో ఉమ్మి వచ్చింది.

బుధవారం పొద్దున్న అద్దంలో ఒకే వేలు పట్టింది.

పది గంటలకు డాక్టరు గదిలోంచి పిలుపు వచ్చింది. గొంతు వినగానే తెలిసింది అది ఏ పిలుపో. వెళ్ళేసరికి కుర్చీలో బస్సుల ఓనరు ఉన్నాడు. లావుపాటి మనిషి, మెడకు తెల్లగుడ్డ, నోట్లో మైనం పళ్ళు. మూయమన్నప్పుడల్లా ఎడమవైపు పళ్ళు టక్కున తగులుతున్నాయి. కుడివైపు తగలడం లేదు. డాక్టరు ఒక కాగితం మడిచి ఆ సందులో పెట్టి, ఈ పక్క నుంచి ఆ పక్కకు లాగి చూపించాడు.

తరవాత తిట్టాడు. అరవలేదు. పేషెంటు వినేట్టు, ఆ తప్పులో తనకు పాలు లేదని పేషెంటుకు తెలిసేట్టు, నిదానంగా తిట్టాడు. నిన్నగాక మొన్న చేరినవాళ్ళు కూడా ఇలా చెయ్యరన్నాడు. చేతికి పెద్దరికం వచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయన్నాడు. ఇన్నేళ్ళుగా ఇంటి మనిషి అని చూసుకుంటే ఇదా అన్నాడు.

ఆమె వినడం లేదు. ఆ సెట్టును చూస్తోంది. ఏ పన్నుకా పన్ను సరిగ్గానే ఉంది. కోరపన్ను వెంట్రుకవాసి లోపలికే తిరిగి ఉంది. వరస మొత్తం బియ్యపు గింజంత ఎడమకు ఒరిగింది, ఎవరో చెంప మీద చెయ్యి పెట్టి నెట్టినట్టు. ఆ ఒరుగుడు ఆమెకు కొత్త కాదు. రోజూ అద్దంలో చూస్తున్నదే.

"ఇది ఆయన దవడ కాదు సార్," అంది. "నాది."

డాక్టరు ఆగాడు. ఏమిటన్నాడు.

మాట్లాడటానికి ఆమె కష్టపడాల్సి వచ్చింది. సగం మాటలు పళ్ళ మధ్యనుంచే వచ్చాయి. "పది రోజులుగా నాకు కుడి పక్క మూతపడదు. ఎడం పక్కకి జరిపి మూస్తున్నాను. నేనెలా మూశానో ఈ పళ్ళూ అలాగే వచ్చాయి. నా నోరు చూడండి సార్ అని మూడుసార్లు అడిగాను. చూడలేదు. ఇప్పుడు ఆయన నోట్లో పెట్టుకుని చూస్తున్నారు."



బస్సుల ఓనరు నోట్లోంచి పై వరస తీశాడు, కింది వరస తీశాడు. రెండూ పళ్ళెంలో పెట్టి వాటికేసి అనుమానంగా చూశాడు. "డాక్తలుగాలూ," అన్నాడు బోసినోటితో. "అంతే, ఇంతసేపూ నేను పెత్తుకున్నది ఈవిల నొప్పా?"

డాక్టరు ఆమెతో, గొంతు తగ్గించి, పేషెంటు ముందు ఇవన్నీ ఏమిటి, వెనక గదిలోకి పద, వచ్చి చూస్తానన్నాడు.

"వెనక గదిలో కుర్చీ లేదు సార్. ఇక్కడే చూడండి."

బస్సుల ఓనరు మెడగుడ్డ లాగేసుకుని లేచాడు. దయతో లేవలేదు. ఆ పళ్ళు మళ్ళీ తన నోట్లో పెడతారేమోనని లేచాడు. ఎందుకు లేస్తేనేం, కుర్చీ ఖాళీ అయింది. ఆమె కూర్చుంది. పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ అందులో కూర్చోలేదు. అక్కడ్నుంచి చూస్తే పైకప్పు మీద పెచ్చు ఊడిన చోటొకటి కనిపించింది. ఊళ్ళోవాళ్ళంతా భయపడుతూ చూసేది దీన్నన్నమాట అనుకుంది.

డాక్టరు అద్దం పెట్టబోతే అది పళ్ళకు తగిలి ఆగింది. వేలు పెట్టబోతే ఒక్కటే పట్టింది. దవడ కింద మెడ దగ్గర నొక్కాడు. గట్టిగా ఉంది. ఆయన ముఖంలో ఏదో మారింది. అప్పటిదాకా ఆయన ఆమెతో మాట్లాడుతున్నాడు. ఇప్పుడు మొదటిసారి చూశాడు.

"ఎన్నాళ్ళయింది?"

"మీకు మొదటిరోజే చెప్పాను."

ఆయన దీపం దగ్గరికి లాక్కున్నాడు. చిగురు పక్కన సూది గుచ్చి, పైన చిన్న గాటు పెట్టాడు. చీము వచ్చింది. నొక్కాడు, ఇంకా వచ్చింది. చిగురు మూత కింద సిరంజితో కడిగాడు. మత్తు సగమే పట్టింది. ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుంది కానీ మూలగలేదు. మూలిగితే ఆయన జాలిపడతాడు. జాలిపడితే అంతటితో సరిపోయిందనుకుంటాడు.

ఈ వాపులో పీకడం కుదరదన్నాడు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఇక్కడ పని కాదని కూడా అన్నాడు, తనకు సంబంధం లేని విషయం చెప్పినట్టు. మందులు రాశాడు. ఆరు రోజులు వాడి మంగళవారం వస్తే తీసేస్తానన్నాడు. చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుంటూ, మధ్యాహ్నం ఆ మైనం విప్పి మళ్ళీ కూర్చు, గీత నేను గీసిస్తాను, శుక్రవారం ఇస్తామని చెప్పాం కదా అన్నాడు.

ఆమె కుర్చీలోంచి దిగుతోంది. ఒక కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. ఆ మాటకు ఒళ్ళంతా వేడెక్కింది. అది జ్వరం కాదు.

"నా దవడ కలిసేదాకా ఇంకొకళ్ళ దవడ కలపలేను సార్. చేస్తే ఇలాగే వస్తుంది."

"శనివారం ఆయన ఏం చేస్తాడమ్మా?"

"చిగుళ్ళతో మాట్లాడతాడు. నేను పది రోజులుగా ఎలా మాట్లాడుతున్నాను?"

బయటికి వచ్చి కౌంటరు దగ్గర నిలబడింది. మంగళవారానికి టోకెన్ రాయమంది. కౌంటరు అమ్మాయి నవ్వబోయి ఆగింది. నీకెందుకక్కా టోకెన్, నువ్వు మన అని ఏదో అనబోయింది.

"ఆ మాట అనకు. రాయి."

అమ్మాయి పుస్తకం తెరిచింది. ఏడో నంబరు. చీటీ మీద కూడా రాయమంది. రాశాక ముద్ర కూడా వేయమంది.

ఇంట్లో ఆరు రోజులు పడుకుంది. మందులకు నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది. మూడో రోజుకు జ్వరం పోయింది. నాలుగో రోజు అద్దంలో రెండు వేళ్ళు పట్టాయి. వాపు దిగింది. కోపం దిగలేదు. వాపు ఉన్నప్పుడు అది నొప్పితో కలిసిపోయి ఉండేది, ఇప్పుడు విడిగా, చక్కగా కనిపిస్తోంది. ఏ రోజు ఎవరు ఏమన్నారో వరసగా గుర్తొచ్చేది. అన్నిటికన్నా ప్లాస్టరు డబ్బా మూత గుర్తొచ్చేది. తన మీద కూడా వచ్చేది కోపం. పెట్టానని ఎందుకు చెప్పాను, వచ్చి చూసుకోమని ఎందుకు అనలేదు. ఊళ్ళో అందరి నోళ్ళకూ పళ్ళు ఇచ్చి, తన నోట్లో మాత్రం నాలుక లేనట్టు పద్దెనిమిదేళ్ళు కూర్చుంది.

డాక్టరు మూడుసార్లు ఫోను చేశాడు. మొదటిసారి, రేపు రమ్మన్నాడు. రెండోసారి, వీలైతే రమ్మన్నాడు. రెండుసార్లూ భర్తే తీసి, పడుకుంది సార్ అని పెట్టేశాడు. మూడోసారి అత్తగారు తీసింది. ఆవిడ చాలాసేపు వింది. అవతలివైపు నుంచి అమ్మా, అమ్మా అని వినిపించింది. మంచం మీదున్న కోడలికి ఆవిడ మాటలు మాత్రం స్పష్టంగా వినిపించాయి.

"నోరు తెరవలేదు బాబూ, తెరిస్తే నీకే కష్టం. నా పళ్ళు ఇచ్చింది నువ్వు కాదు, మా కోడలు. నీ దగ్గర ఇంకా సొంతవి ఉన్నట్టున్నాయి, జాగ్రత్తగా చూసుకో."

ఫోను పెట్టేసి, ఇంకేం పట్టనట్టు, ఆ జావ చల్లారిపోతోంది తాగు అని కేకేసింది. ఆ రెండు మాటలూ తను అనవలసినవని కోడలికి తెలుసు. ఉడుకుమోత్తనం వచ్చింది. కానీ జావ మొత్తం తాగింది.

ఆదివారం కౌంటరు అమ్మాయి పలకరించడానికి వచ్చి శనివారం కథ చెప్పింది. డాక్టరు ఇంకో ఊరి నుంచి రెండు రోజుల్లో సెట్టు చేయించి తెప్పించాడట. అది పెట్టుకుని బస్సుల ఓనరు మైకు ముందు నిలబడ్డాడట. నాలుగో మాటకే పై వరస జారిందట. ఆయన ఏమాత్రం సిగ్గుపడకుండా రెండు వరసలూ తీసి జేబులో వేసుకుని, మిగతా ఉపన్యాసం బోసినోటితోనే కానిచ్చాడట. జనం బాగా చప్పట్లు కొట్టారట. చెబుతూ చెబుతూ అమ్మాయి పడీపడీ నవ్వింది. పళ్ళమ్మకు నవ్వు రాలేదు. ఆ సెట్టు చేసినవాడు తన నోట్లో కొరికి చూసుకుని ఉండడు అనుకుంది. రెండు రోజుల్లో ఎవరికి వీలవుతుంది. వాడికీ పన్ను నొప్పేమో, ఎవరు అడిగారు.

మంగళవారం తొమ్మిదింటికి వెళ్ళి హాల్లో కూర్చుంది.

ప్లాస్టిక్ కుర్చీలు. చెంప మీద చెయ్యి వేసుకున్నవాళ్ళు, చెయ్యి తీసి మళ్ళీ వేసుకునేవాళ్ళు. ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఆవులించినప్పుడు పై వరస కనిపించింది. ఆమె చేసిందే, కనీసం తొమ్మిదేళ్ళ నాటిది. ఆయన ఆవులింత పూర్తిచేసి ఆమె వైపు చూసి, మీదెంతమ్మా నంబరు అని అడిగాడు. ఏడన్నది. నాది ఆరు, తొందరగానే అయిపోతుందిలే భయపడకు అన్నాడు. పది రోజులకు పైగా ఆ మాట ఎవరైనా అంటారేమోనని చూసింది. చివరికి అన్నది టోకెన్ వరసలో ముందున్న మనిషి.

నాలుగో నంబరు లోపల ఉండగా డాక్టరు తలుపు తీసి బయటికి తొంగిచూశాడు. ఆమెను చూశాడు. అక్కడ కూర్చున్నావేం, లోపలికి రా అన్నాడు. హాలంతా ఆమె వైపు తిరిగింది. ఆమె చీటీ పైకెత్తి చూపించింది. ఏడు. ఆయన ఆ చీటీని, దాని మీద తన ఆసుపత్రి ముద్రను కాసేపు చూసి తలుపు వేసుకున్నాడు.

ఏడు అని పిలిచినప్పుడు లేచింది.

ఈసారి రెండున్నర వేళ్ళు పట్టాయి. మత్తు సూది మూడు చోట్ల ఇచ్చాడు. పెదవి, నాలుక సగం, గడ్డం ఆమెవి కాకుండా పోయాయి. నొప్పి లేదు. చప్పుడు ఉంది. పన్నును రెండుగా కోస్తున్న చప్పుడు, చెవితో కాకుండా ఎముకతో వినిపించింది. తరవాత ఒత్తిడి, దవడ మొత్తం ఊడి వస్తుందేమోనన్నంత. ఒక ముక్క. ఇంకాసేపటికి ఇంకో ముక్క. డాక్టరు చెమట తుడుచుకున్నాడు. రెండు ముక్కలూ పళ్ళెంలో పెట్టాడు.

ఆమె తల తిప్పి చూసింది. వేలకొద్దీ పళ్ళు ఈ చేతుల మీదుగా వెళ్ళాయి. అన్నీ తెల్లగా, నున్నగా, వేళ్ళు లేకుండా, డబ్బాలో వచ్చేవి. ఇది పసుపు పచ్చగా ఉంది. ఒక వేరు కొక్కెంలా వంగింది. ఎముకను పట్టుకోవడానికే అలా వంగినట్టుంది. రక్తం కారుతోంది. వికారంగా ఉంది. దాన్ని చూసి, ఇది నాదే అనుకుంది.

డాక్టరు దూది ఉండ చేసి ఆ గుంటలో పెట్టి మూయమన్నాడు. మూసింది. కుడీ ఎడమా ఒకేసారి కలిశాయి, పదహారు రోజుల తరవాత. అందరికీ చెప్పే మాటలే ఆమెకూ చెప్పాడు. దూదిని గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఉమ్మకూడదు. అరగంటసేపు నోరు తెరవకూడదు, మాట్లాడకూడదు.

తరవాత తొడుగులు తీసి పారేశాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమె వైపు కాకుండా ఆ అద్దాల వైపు చూస్తూ, అరలో పదకొండు అచ్చులు పడి ఉన్నాయి, రేపటి నుంచి వస్తావుగా అన్నాడు.

ఆమె కుర్చీ దిగి, చెప్పులు వేసుకుని ఆయన ముందు నిలబడింది. ఆయన అద్దాలు పెట్టుకుని తల ఎత్తేదాకా నిలబడింది. ఎత్తాడు. జవాబు కోసం చూశాడు. ఆమె కళ్ళలో ఏదో కనబడి ఉండాలి, ఇంకోసారి అడిగాడు. ఈసారి కొంచెం మెల్లగా, వస్తావా అని.

ఆమె దూదిని గట్టిగా నొక్కి పట్టుకుంది. అరగంట అని చెప్పింది ఆయనే. తలుపు తీసి, గుమ్మంలో బెదురుగా నిలబడిన ఎనిమిదో నంబరుకు దారి ఇచ్చి, వీధిలోకి నడిచింది.